తేదీ ఎక్కడుంది? కార్యక్రమాల వెబ్‌సైట్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సాహిత్య సభ కావచ్చు, నాటకోత్సవం కావచ్చు, శాస్త్ర సదస్సు కావచ్చు, పరుగు పందెం కావచ్చు. ఒక కార్యక్రమాన్ని నలుగురికీ తెలియజేసే వెబ్‌సైట్ ఎలా ఉండాలన్న విషయంపై ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్నను వేరువేరు మాటల్లో అడిగిన ఉత్తరాలను కలిపి, కొందరు పంపిన పేజీలను స్వయంగా తెరిచి చూసి ఈ జవాబులు రాస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు, సంస్థల వివరాలు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మేము ఏటా జరిపే సంగీతోత్సవానికి ఈసారి ఒక డిజైనర్ చేత అందమైన వెబ్‌సైట్ చేయించాం. చూసినవారంతా మెచ్చుకుంటున్నారు. అయినా రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి ‘ఎప్పుడండీ, ఎక్కడండీ’ అని అడుగుతూనే ఉన్నారు. లోపం ఎక్కడుందంటారు?

జవాబు: మీ పేజీని ఫోన్‌లో తెరిచి చూశాను. మొదట సంస్థ చిహ్నం తెరనిండా పరుచుకుంది. దాని కింద వాటంతటవే కదిలే ఐదు ఫోటోలు, ఆ తర్వాత అధ్యక్షుల సందేశం, సంస్థ ఆశయాలు, కిందటేడు విచ్చేసిన అతిథుల చిత్రాలు వరుసగా ఉన్నాయి. తేదీ కోసం ఆరుసార్లు వేలితో పైకి తోయవలసి వచ్చింది. తీరా దొరికిన తేదీ కూడా పోస్టర్ బొమ్మలో ఒక మూలన, రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటే తప్ప కనబడనంత చిన్నగా ఉంది. పేజీ అందంగా ఉందని మెచ్చుకున్నవారూ, తేదీ అడగడానికి ఫోన్ చేసినవారూ బహుశా ఒకరే అయి ఉంటారు.

ఇటువంటి పేజీకి వచ్చే మనిషి సంస్థ చరిత్ర చదవడానికి రాడు. ఇది ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, నేను రావచ్చునా, రావాలంటే ఏం చేయాలి అన్న సందేహాలతో వస్తాడు. ఈ సందేహాలన్నిటికీ స్క్రోల్ చేయకముందు కనిపించే మొదటి తెర మీదే జవాబు దొరకాలి. కార్యక్రమం పేరు, అదేమిటో చెప్పే ఒక వాక్యం, తేదీ, వేళ, వేదిక, ఒకే ఒక బటన్ అక్కడ ఉంటే చాలు. ఆ బటన్ మీద ‘మరిన్ని వివరాలు’ అని కాక, నొక్కితే ఏం జరుగుతుందో తెలిసేలా ‘సీటు నమోదు చేసుకోండి’ అనో ‘టికెట్ కొనండి’ అనో రాయించండి. ప్రవేశం ఉచితమైతే ఆ మాట కూడా అక్కడే ఉండాలి; చెప్పకపోతే, డబ్బు కట్టవలసి ఉంటుందేమోనని కొందరు అక్కడితోనే ఆగిపోతారు. అధ్యక్షుల సందేశాన్ని తీసేయమని నేను అనను, అంటే మీకు వచ్చే చిక్కు నాకు తెలుసు. దానిని ‘మా గురించి’ అన్న వేరే పేజీలోకి మార్చండి. చదవదలచినవారు అక్కడికి వెళ్లి చదువుకుంటారు.

ఇక తేదీ రాసే పద్ధతి. ‘05/06’ అని రాస్తే కొందరు జూన్ 5 అనీ, మరికొందరు మే 6 అనీ చదువుతారు. ఆన్‌లైన్‌లో పాల్గొనేవారు వేరువేరు దేశాల్లో ఉన్నప్పుడు ఈ పొరపాటు తప్పదు. కంప్యూటర్ల కోసం సంవత్సరం, నెల, రోజు అన్న క్రమాన్ని ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం 1988లోనే స్థిరపరిచింది. మనుషుల కోసమైతే నెల పేరును అక్షరాల్లో రాసి, పక్కన వారం పేరు చేర్చడం ఉత్తమం. వారం పేరు అలంకారం కోసం కాదు. తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే టైపింగ్ తప్పు ఇట్టే బయటపడుతుంది, చదివేవారు ఆ రోజు తమకు తీరిక ఉందో లేదో కూడా వెంటనే తేల్చుకోగలుగుతారు. ‘వచ్చే ఆదివారం’, ‘ఈ నెలలోనే’ వంటి మాటలు రాసిన రోజున నిజమే కానీ, వారం తిరిగేసరికి అబద్ధమవుతాయి. ‘శనివారం రాత్రి 12 గంటల వరకు నమోదు’ అన్నదీ అటువంటి తిరకాసే: ఆ పన్నెండు శుక్రవారం గడిచాక వచ్చేదా, శనివారం గడిచాక వచ్చేదా? ‘శనివారం రాత్రి 11:59 వరకు’ అంటే ఏ గొడవా ఉండదు. ఆన్‌లైన్ ప్రసారం ఉన్న పక్షంలో వేళ పక్కన అది ఏ ప్రాంతపు కాలమానమో, ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీకి ఎంత తేడాయో తప్పక రాయండి. కొన్ని దేశాల్లో ఏటా రెండుసార్లు గడియారాలు మారుస్తారు కాబట్టి, లెక్క చూసుకునే పని శ్రోతలకే వదిలేయడం మంచిది కాదు.

వేదిక చిరునామా కాపీ చేసుకోవడానికి వీలుగా అక్షరాల్లోనే ఉండాలి, దానికి మ్యాప్ లింక్ తోడుండాలి. ఒకసారి నేనే ఒక సభకు వెళ్లి, మ్యాప్ చూపించిన గేటు దగ్గర అరగంట నిలబడ్డాను. ఆ గేటుకు తాళం వేసి ఉంది, లోపలి నుంచి మైకు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. ప్రవేశం వెనక వీధి నుంచట. పేజీలో ఒక్క వాక్యం ఉంటే ప్రారంభోపన్యాసం దక్కేది. ఏ ద్వారం, ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుందా, వాహనం ఎక్కడ నిలపాలి అన్నవి రెండు మూడు వాక్యాల్లో చెప్పవచ్చు.

అంతా అయ్యాక, మీ కమిటీతో సంబంధం లేని నలుగురైదుగురికి వేరువేరుగా ఫోన్‌లో ఆ పేజీ చూపించి, ‘మీరు ఈ కార్యక్రమానికి ఇంటి నుంచి ఏ రోజు, ఎన్ని గంటలకు బయలుదేరతారు?’ అని అడగండి. పేజీ బాగుందా అని అడగవద్దు, బాగుందనే అంటారు. వెబ్‌సైట్ల వినియోగాన్ని అధ్యయనం చేసిన జేకబ్ నీల్సన్, ఐదుగురితో పరీక్షించినా చాలావరకు లోపాలు బయటపడతాయని 2000లోనే రాశారు. మీ విషయంలో మొదటి ఇద్దరితోనే తేలిపోతుందని నా అనుమానం.

ప్రశ్న: సోషల్ మీడియాలో మాకు పేజీ ఉంది. అది చాలదా? వెబ్‌సైట్ పెట్టుకుంటే డొమైన్ పేరు ఎలా ఉండాలి?

జవాబు: సోషల్ మీడియా పేజీ కబురు పాకడానికి పనికివస్తుంది, వివరం నిలవడానికి పనికిరాదు. నిన్న మీరు పెట్టిన వేదిక మార్పు ప్రకటన ఇవాళ పది పోస్టుల కిందకు జారిపోతుంది; ఖాతా లేనివారికి అసలు తెరుచుకోకపోవచ్చు. అసలు వివరం మీ వెబ్‌సైట్‌లో ఒకేచోట ఉంచి, మిగతా అన్నిచోట్ల నుంచి ఆ లింక్ ఇవ్వడం మేలు. ఒకే వివరాన్ని ఐదుచోట్ల రాస్తే, మార్పు వచ్చినప్పుడు నాలుగుచోట్లే దిద్దుతాం.

డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలిగేలా ఉండాలి. ఏటా జరిగే కార్యక్రమమైతే పేరులో సంవత్సరం చేర్చకండి. చేర్చితే ప్రతి ఏడూ కొత్త డొమైన్ కొనాలి. పాతదానికి రెన్యువల్ మానేస్తే, కొంతకాలానికి అది ఎవరి చేతికైనా పోవచ్చు. అలా వదిలేసిన పేర్లను కొని, జూదపు ప్రకటనలు పెట్టేవారు కాచుకుని ఉంటారు. మీ పాత కరపత్రాల మీదా, పత్రికా వార్తల్లోనూ ఉన్న చిరునామా తెరిచినవారు నేరుగా అక్కడికి చేరతారు. పేరు ఒకటే ఉంచి, దాని తర్వాత ఏటవాలు గీత (/) పెట్టి సంవత్సరాన్ని చేర్చితే, మొదటి పేజీ ఎప్పుడూ ఈ ఏటి కార్యక్రమాన్నే చూపిస్తుంది, పాతవి వాటి వాటి చోట భద్రంగా ఉంటాయి. డొమైన్ మాత్రం సంస్థ పేరిట, సంస్థ ఈమెయిల్‌తో కొనండి. పోయినేడు ఉత్సాహంగా సహాయం చేసిన కుర్రవాడి సొంత ఖాతాలో ఉంటే, అతడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక పాస్‌వర్డ్ కోసం వెతుక్కోవలసి వస్తుంది.

చిరునామాను తెలుగులోనే పెట్టవచ్చా అని మరొకరు అడిగారు. డొమైన్ తర్వాత వచ్చే భాగంలో తెలుగు పెట్టవచ్చు, బ్రౌజర్‌లో చక్కగానే కనిపిస్తుంది. అయితే చాలాచోట్ల కాపీ చేసి అతికించినప్పుడు అది శాతం గుర్తులతో నిండిన గొలుసుగా మారుతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, ఒక్కో బైటు మూడు చిహ్నాలవుతుంది. అంటే ‘సభ’ అన్న చిన్న మాట 18 చిహ్నాలవుతుంది. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ లోపల ఆరు సంకేతాల కూర్పు, కనుక 54 చిహ్నాలవుతుంది. పోస్టర్ మీద అచ్చువేసే చిరునామా మాత్రం చిన్నగా, రోమన్ లిపిలో ఉంచుకోవడమే నయం.

ప్రశ్న: ఆహ్వాన పత్రం కోసం డీటీపీలో కంపోజ్ చేసిన తెలుగు వచనాన్ని వెబ్‌సైట్‌లో అతికిస్తే అంతా అర్థం లేని గుర్తులుగా మారింది. అందువల్ల బొమ్మగా మార్చి పెట్టాం. తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది, అదీ చిన్నది కాదు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో ఇరికించేవారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనిపించేది, ఫాంట్ లేనిచోట అసలు రూపం బయటపడేది. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే సొంత స్థానాలున్నాయి. పాత వచనాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు దొరుకుతాయి. మార్చాక ఒత్తులనూ, అరసున్నలనూ, విరామ చిహ్నాలనూ ఒక మనిషి కూర్చుని సరిచూడవలసిందే.

బొమ్మగా పెట్టడం వల్ల కలిగే నష్టాలు చూడండి. వెతికేవారికి మీ కార్యక్రమం పేరు దొరకదు. చూపు లేనివారి ఫోన్ ఆ పేజీని చదివి వినిపించలేదు. బొమ్మకు వివరణ వచనం జోడించకపోతే ‘చిత్రం’ అని చెప్పి ఊరుకుంటుంది. చిరునామా కాపీ కాదు, ఫోన్ నంబర్ నొక్కితే కాల్ వెళ్లదు, చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా అవుతాయి. అన్నిటికన్నా మించి, వేళ అరగంట మారితే దిద్దడానికి డిజైనర్ ఎప్పుడు దొరుకుతారా అని మీరు ఎదురుచూడాలి. పోస్టర్‌ను పోస్టర్‌గా ఉంచండి, దానిలోని ప్రతి మాటా పక్కన అక్షరాల్లోనూ ఉండాలి.

తెలుగు వచనాన్ని తెర మీద పేర్చేటప్పుడు ఇంగ్లీషు పేజీ కొలతలను యథాతథంగా వాడితే కుదరదు. మన అక్షరాలకు పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు ఉంటాయి. వరుసల మధ్య ఎడం తక్కువైతే పై వరుస వట్రసుడి కింది వరుస గుడికి తగిలి రెండూ చదవరాకుండా పోతాయి. అక్షరం ఎత్తుకు 1.6 నుంచి 1.8 రెట్లు వరుస ఎడం ఉంచితే నా కంటికి హాయిగా ఉంటుంది. శీర్షికలకు ఇంకొంచెం తగ్గించవచ్చు కానీ, పెట్టె ఎత్తును బిగించి కింది ఒత్తులు తెగిపోయేలా చేయకండి. మీరు పంపిన పేజీలో ‘రాష్ట్రస్థాయి’ అన్న మాటలో ‘ష్ట్ర’ కింద సగం మాయమైంది. సన్నని గీతల ఫాంట్‌ను చిన్న సైజులో వాడకండి.

రంగుల విషయానికి వస్తే, వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 వెలుగు వ్యత్యాసం (కాంట్రాస్ట్) ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. లేత పసుపు మీద బంగారు రంగు అక్షరాలు కమిటీ గదిలో రాజసంగానే కనిపిస్తాయి. ఎండలో నిలబడి ఫోన్ చూసేవారికి అక్కడ ఏమీ కనిపించదు.

ప్రశ్న: మా సదస్సు నమోదు ఫారం తెరిచినవారిలో చాలామంది మధ్యలోనే వదిలేస్తున్నారు. ఫారంలో 17 ప్రశ్నలున్నాయి, అన్నీ అవసరమైనవే.

జవాబు: ‘అవసరమైనవే’ అన్న మాటను ఒకసారి పరీక్షిద్దాం. ప్రతి గడి పక్కన, ఆ సమాచారాన్ని ఎవరు, ఏ రోజున, దేనికి వాడతారో పెన్సిల్‌తో రాయండి. మీరు పంపిన ఫారంలో పుట్టిన తేదీ, తండ్రి పేరు, పూర్తి ఇంటి చిరునామా ఉన్నాయి. ఏదీ పోస్టులో పంపని సదస్సుకు ఇంటి చిరునామా దేనికి? రాసేవారికి వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. పేరు, ఫోన్ లేదా ఈమెయిల్, ఎందరు వస్తున్నారు, ప్రత్యేక సహాయం ఏమైనా కావాలా అన్నవి ముందుగా అడిగితే నమోదు పూర్తవుతుంది. పరిశోధన అంశం, పత్ర సంక్షేపం వంటివి పత్ర సమర్పకులకు మాత్రమే, ఆ తర్వాత మెయిల్‌లో అడగవచ్చు. వాడని సమాచారాన్ని సేకరించి దాచుకుంటే, అది బయటికి పొక్కినప్పుడు బాధ్యత కూడా మీదే అవుతుంది.

ఫోన్ నంబర్ గడి నొక్కగానే అంకెల కీప్యాడ్ రావాలి. పేరు, ఈమెయిల్ గడులను బ్రౌజర్ తానే నింపేలా గుర్తు పెట్టించాలి. పేరు గడి తెలుగు అక్షరాలనూ, చుక్కలనూ, ఒకే అక్షరం ఇంటిపేరునూ ఒప్పుకోవాలి; ‘చెల్లని పేరు’ అని సొంత పేరును తిరస్కరించే ఫారం మీద ఎవరికైనా చిరాకే. తప్పు ఉంటే ఆ గడి పక్కనే, ఏం దిద్దాలో మామూలు మాటల్లో చెప్పాలి. ఎర్రటి అక్షరాల్లో పేజీ పైన ‘లోపం’ అని చూపి, నింపినదంతా చెరిపేస్తే మీ శ్రోతను మీరే సాగనంపినట్టు.

నమోదు పూర్తయ్యాక వచ్చే ధన్యవాదాల పేజీని చాలామంది వృథా చేస్తారు. తేదీ, వేళ, వేదికలను మళ్లీ అక్కడ చూపించి, ‘క్యాలెండర్‌లో చేర్చుకోండి’ అన్న లింక్ ఇవ్వండి. ఐక్యాలెండర్ అనే ప్రమాణం ప్రకారం తయారయ్యే చిన్న ఐసీఎస్ ఫైలు దాదాపు అన్ని క్యాలెండర్లలోనూ తెరుచుకుంటుంది. నెల రోజుల ముందు నమోదు చేసుకున్న మనిషికి ఆ రోజు గుర్తుచేసేది అదే.

ప్రశ్న: మా లింక్‌ను వాట్సాప్‌లో పంపితే పోయినేటి బొమ్మ వస్తోంది. ఒక్కోసారి బొమ్మే రావడం లేదు.

జవాబు: లింక్‌తో పాటు కనిపించే ఆ చిన్న పెట్టెలోని శీర్షిక, బొమ్మ, వివరణ పేజీ కోడ్‌లోని ఓపెన్ గ్రాఫ్ అనే ట్యాగుల నుంచి వస్తాయి. ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు చాలా యాప్‌లు వాడుతున్నాయి. మీ పేజీలో ఆ ట్యాగులు పోయినేటివే మిగిలి ఉన్నాయి. డిజైనర్‌తో చెబితే పది నిమిషాల పని. బొమ్మ 1200×630 పిక్సెళ్ల అడ్డం ఆకారంలో ఉంటే మంచిది. నిలువు పోస్టర్‌నే పెట్టేస్తే పైనా కిందా తెగి, మధ్యలో అతిథి గారి చొక్కా గుండీలు మాత్రమే మిగులుతాయి. బొమ్మ మార్చాక కూడా పాతదే కనిపిస్తే, ఆ యాప్ దాచుకున్న కాపీని చూపిస్తోందన్నమాట. లింక్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఒక అంకె చేర్చి పంపితే దానిని కొత్త చిరునామాగా భావించి మళ్లీ తెచ్చుకుంటుంది.

పెట్టెలోని శీర్షికలోనే తేదీ రాయండి. గ్రూపులో లింక్ చూసినవారిలో ఎక్కువమంది దానిని నొక్కరు, ఆ పెట్టె చదివి ముందుకు పోతారు. వారికీ కబురు అందాలి కదా.

సెర్చ్ ఇంజిన్ల కోసం మరో వరస ఉంది. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో మొదలుపెట్టిన స్కీమా డాట్ ఆర్గ్ పదకోశంలో కార్యక్రమాలకు ప్రత్యేక రకం ఉంది. పేరు, ప్రారంభ వేళ, వేదికలను ఆ పద్ధతిలో పేజీ కోడ్‌లో పొందుపరిస్తే, ఇది ఫలానా రోజున జరిగే కార్యక్రమమని యంత్రానికి అర్థమవుతుంది. దీనివల్ల ఫలితాల్లో మొదటి వరుసలో వస్తారని హామీ ఇచ్చేవారిని మాత్రం నమ్మకండి.

ప్రశ్న: ‘ఇంకా 2 గంటలే’, ‘4 సీట్లే మిగిలాయి’ అని చూపించే గడియారం పెడితే నమోదులు పెరుగుతాయని మా డిజైనర్ అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: గడువు నిజమైతే పెట్టండి, సీట్లు నిజంగా నాలుగే ఉంటే చెప్పండి. పేజీని మళ్లీ తెరిచిన ప్రతిసారీ రెండు గంటల నుంచి మొదలయ్యే గడియారం మోసం. ఇటువంటి మాయలకు హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. ‘4 సీట్లే’ అని చదివి హడావుడిగా వచ్చిన శ్రోతకు హాలులో సగం కుర్చీలు ఖాళీగా కనిపిస్తే, వచ్చే ఏడు మీరు నిజం చెప్పినా నమ్మరు.

ప్రశ్న: ఫోటోలు ఎక్కువగా ఉండటం వల్ల పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది. ఎంత వేగం ఉంటే సరిపోతుంది?

జవాబు: గూగుల్ సూచించే కొలమానం ప్రకారం పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. కెమెరా నుంచి వచ్చిన ఫోటోను అలాగే ఎక్కించకుండా, తెరకు తగిన కొలతకు కుదించి, వెబ్‌పీ వంటి రూపంలో పెడితే బరువు చాలావరకు తగ్గుతుంది. కిందనున్న ఫోటోలు స్క్రోల్ చేసినప్పుడే దిగేలా చేయండి. వాటంతటవే ఆడే వీడియో తీసేయండి. ప్రతి ఫోటోకూ కొలత ముందే చెప్పకపోతే, అది దిగిన క్షణంలో పేజీ కిందకు జరిగి, బటన్ నొక్కబోయిన వేలు మరెక్కడో పడుతుంది. పాత ఫోనులో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఒకసారి మీరే తెరిచి చూడండి.

ప్రశ్న: పోస్టర్ల మీద క్యూఆర్ కోడ్ వేశాం. కొందరికి స్కాన్ అవుతోంది, కొందరికి కావడం లేదు. ఏ పోస్టర్ వల్ల ఎందరు వచ్చారో తెలుసుకోవచ్చా?

జవాబు: ఫోటోలో మీ కోడ్ చూశాను. మూడు తప్పులున్నాయి. చుట్టూ ఖాళీ వదలలేదు. కోడ్‌లోని చిన్న గడి వెడల్పుకు నాలుగింతల ఖాళీ నాలుగువైపులా ఉండాలన్నది నియమం. ముదురు నేపథ్యం మీద లేత రంగు గడులు వేశారు, కొన్ని ఫోన్లు దానిని తిరగేసి చదవలేవు. లింక్ మరీ పొడవైనది కావడంతో గడులు కిక్కిరిసి, రెండు మీటర్ల దూరం నుంచి బూడిద మచ్చలా కనిపిస్తోంది. లింక్ ఎంత చిన్నదైతే గడులు అంత పెద్దవిగా ఉంటాయి. స్కాన్ చేయాల్సిన దూరంలో పదో వంతు వెడల్పు ఉండాలన్నది అచ్చు పనివారు వాడే మోటు లెక్క: రెండు మీటర్లకు 20 సెంటీమీటర్లు. డెన్సో వేవ్ సంస్థ 1994లో తయారుచేసిన ఈ కోడ్‌లో తప్పులు సవరించుకునే ఏర్పాటు ఉంది. అత్యధిక స్థాయిలో సుమారు 30 శాతం చెడినా చదవగలదు. దాని ధైర్యంతో మధ్యలో సంస్థ చిహ్నం పెద్దగా అతికిస్తే, వాన చినుకుకూ చిరుగుకూ మిగలవలసినది మనమే వాడేసుకున్నట్టు.

ఉచితంగా కోడ్ తయారుచేసే కొన్ని సేవలు తమ చిరునామాను మధ్యలో పెడతాయి. వారు గడువు విధిస్తే గోడల మీదున్న పోస్టర్లన్నీ ఒకేసారి మూగబోతాయి. కోడ్‌లో మీ సొంత డొమైన్‌లోని చిన్న చిరునామా పెట్టి, అక్కడి నుంచి అసలు పేజీకి మళ్లించండి. లైబ్రరీ పోస్టర్‌కు ఒకటి, కళాశాల పోస్టర్‌కు ఒకటి చొప్పున వేరువేరు చిరునామాలు ఇచ్చి, మళ్లించే లింక్ చివర సందర్శకుల రాకను గుర్తించే యూటీఎం గుర్తులు చేర్చితే ఎక్కడి నుంచి ఎందరు వచ్చారో లెక్క తేలుతుంది. కోడ్ కింద అదే చిరునామాను అక్షరాల్లోనూ వేయండి.

ప్రశ్న: అనుకోని కారణంతో మా నాటకోత్సవం వాయిదా పడింది. కొత్త తేదీ ఇంకా ఖరారు కాలేదు. పేజీని తీసేయాలా, అలాగే ఉంచాలా? కార్యక్రమం ముగిశాక ఏం చేయాలన్నది కూడా చెప్పండి.

జవాబు: తీసేస్తే, నమోదు చేసుకున్నవారు ఖాళీ పేజీ చూసి ఉత్సవం మొత్తానికే రద్దయిందనుకుంటారు. అలాగే ఉంచితే పాత తేదీకి వచ్చి గేటు దగ్గర నిలబడతారు. అదే చిరునామాలో, అన్నిటికన్నా పైన, ‘ఫలానా తేదీన జరగవలసిన ఉత్సవం వాయిదా పడింది, కొత్త తేదీ ఈ పేజీలోనే ప్రకటిస్తాం’ అని రాసి, ఆ ప్రకటన రాసిన తేదీ, వేళ దాని కిందే వేయండి. పాత తేదీని చెరిపేయకుండా కొట్టివేత గీతతో ఉంచితే, ఏది మారిందో చూసేవారికి స్పష్టమవుతుంది. టికెట్ డబ్బు తిరిగి ఇస్తారా, ఆ టికెట్టే చెల్లుతుందా అన్నది అదే పేరాలో చెప్పండి. అది చెప్పకపోతే వచ్చే ఫోన్లు తేదీ కోసం వచ్చేవాటికన్నా ఎక్కువగా ఉంటాయి, ఇంత మర్యాదగానూ ఉండవు. నమోదు బటన్‌ను ఆపి, దాని చోట ‘కొత్త తేదీ తెలియజేయండి’ అని ఈమెయిల్ తీసుకునే గడి పెట్టండి.

స్కీమా గుర్తులు పెట్టించి ఉంటే, అక్కడ కూడా స్థితిని ‘వాయిదా’గా మార్చించాలి, కొత్త తేదీ తెలిసేదాకా పాత తేదీని అలాగే ఉంచి, తెలిశాక కొత్తదానిని చేర్చి స్థితిని ‘తేదీ మారింది’ అని దిద్దించడం పద్ధతి. రద్దుకు మరో స్థితి ఉంది, రెండింటినీ కలపవద్దు. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. మీ ఐసీఎస్ ఫైలును డౌన్‌లోడ్ చేసుకున్నవారి క్యాలెండర్‌లో పాత తేదీ దానంతటది మారదు; ఆ రోజు ఉదయం వారి ఫోన్ నమ్మకంగా గంట మోగిస్తుంది. అందువల్ల నమోదైన ప్రతి ఒక్కరికీ మెయిల్, సందేశం విడిగా పంపవలసిందే. పేజీ దిద్దాం కదా అని చేతులు దులుపుకోకూడదు.

కార్యక్రమం జరిగే రోజున పేజీ పని వేరు. ఆనాటికి ఎవరికీ సంస్థ చరిత్ర అక్కరలేదు, నమోదు బటన్ కూడా అక్కరలేదు. ఇప్పుడు ఏ నాటకం నడుస్తోంది, తర్వాతిది ఎన్నింటికి, ఏ హాలులో అన్నవి పైకి రావాలి. దారి తప్పినవారు ఫోన్ చేయడానికి ఒక నంబర్ ఉండాలి. ఆ ఫోన్ వేదిక మీద మైకు పక్కన కూర్చున్న కార్యదర్శి జేబులో కాక, బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలి. పేజీని దిద్దగలిగే పాస్‌వర్డ్ ఆ రోజు హాజరయ్యే ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

ముగిసిన మర్నాడు మొదటి తెరలో ‘ఉత్సవం ముగిసింది’ అన్న మాట, జరిగిన తేదీలు కనిపించాలి. వారం రోజులలోపు ఫోటోలు, వీడియో లింకులు, పాల్గొన్నవారి జాబితా చేర్చండి. నెల దాటితే ఆ పని ఇక జరగదు. ఫోటోల్లో పిల్లలు ఉంటే వారి పెద్దల అనుమతి తీసుకోండి. నమోదు ఫారంలో సేకరించిన ఫోన్ నంబర్లను ఏ తేదీన చెరిపేస్తారో ముందే నిర్ణయించుకుని, ఆ తేదీన చెరిపేయండి. వచ్చే ఏటి ఉత్సవానికి తేదీ ఖరారు కాకపోయినా, అది తెలియజేయడానికి ఈమెయిల్ తీసుకునే గడిని మాత్రం పేజీలో అలాగే ఉంచండి. నాటకం చూసి ఆ రాత్రే ఇంటికి వెళ్లి పేజీ తెరిచే ప్రేక్షకులు కొందరు ఉంటారు.